ఒకే ఒక్క శుభలేఖ

మా చుట్టాల్లో ఎవరింట్లో పెళ్ళి కుదిరినా పందిరి గుంజలు పాతకముందే నాకు ఫోను వస్తుంది. ఎంత బియ్యం తేవాలి, ఎన్ని కూరలు పెట్టాలి, ఏ పూట ఎన్ని విస్తళ్ళు లేస్తాయి అని అడుగుతారు. నేను పదో తరగతితో ఆగిపోయినవాణ్ణి. లెక్క నాకు బడిలో రాలేదు. వేంసూరు దగ్గర మా ఊళ్ళో పొలం గెట్లు కొలిచేవాళ్ళ వెంట తిరిగి, పెళ్ళి వంటవాళ్ళ పక్కన పీట వేసుకుని కూర్చుని, అడిగిందే మళ్ళీ అడిగి పట్టుకున్నాను. ఇప్పుడు నాకు ఒక పామాయిల్ తోట ఉంది, తోటకంటే ఈ లెక్కల వల్లే ఎక్కువమందికి తెలుసు.

నా లెక్కకు మూలం శుభలేఖ. కార్డు మగవాడికి రోడ్డు మీద కనపడినప్పుడు ఇస్తే ఆ ఇంటి నుంచి అతనొక్కడే వస్తాడు, అదీ భోజనాల వేళకు. ఇంటికి వెళ్ళి ఇస్తే ఆలుమగలు వస్తారు. ఆడవాళ్ళు వెళ్ళి, ఆ ఇంటి ఇల్లాలికి బొట్టు పెట్టి, కార్డు చేతిలో పెడితే ఇంటికి తాళం వేసుకుని అందరూ వస్తారు, పక్కింట్లో దిగిన చుట్టాలు కూడా వాళ్ళ వెంట వస్తారు. ఎవరు ఏ ఇంటికి ఎలా కార్డు ఇచ్చారో చెబితే చాలు, నేను బియ్యం చెప్పేస్తాను.

అందుకని మా చెల్లెలి కూతురికి సంబంధం కుదిరినప్పుడు ఆ పెళ్ళి లెక్కంతా నాదేననుకున్నాను. మా చెల్లెల్ని పాల్వంచలో ఇచ్చాం. బావది అక్కడే ఉద్యోగం. వాళ్ళకు ఒక్కతే కూతురు, కొత్తగూడెంలో బ్యాంకులో పనిచేస్తుంది. ఆ పిల్లకు సొంత మేనమామను నేనొక్కణ్ణే. అమ్మా నాన్నా పోయాక మా చెల్లెలికి పుట్టిల్లంటే నా ఇల్లే.

అయితే ఆ పిల్లకు ఒక బాబాయ్ కూడా ఉన్నాడు. బావ తమ్ముడు, మా చెల్లెలి మరిది. కరెంటు ప్లాంటులో షిఫ్టు డ్యూటీ. రాత్రంతా పని చేసి వచ్చినా ముఖం కడుక్కున్నట్టే ఉంటాడు. ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే ఇంట్లో గొంతులు పెరుగుతాయి, పిల్లలు మీద పడతారు, పొయ్యి మీద టీ గిన్నె పడుతుంది. నేను వెళితే కుర్చీ వేస్తారు, ఫ్యాన్ వేస్తారు. తేడా నాకు తెలుస్తూనే ఉంటుంది. ఆయనంటే నాకు కోపం లేదు. కోపమైతే కారణం చెప్పగలిగేవాణ్ణి.

కార్డులు ఎంచే రోజు నేను పొద్దున్నే ఖమ్మం వెళ్ళి, నాకు తెలిసిన దుకాణంలో రకానికొక నమూనా తీసుకుని, అక్కడి నుంచి పాల్వంచ బస్సెక్కాను. చెల్లెలి ఇంట్లో ముందు గదిలో మంచం మీద అన్నీ పరిచాను. గణపతి బొమ్మ ఉన్నవి, బంగారు అంచు ఉన్నవి, చుట్ట చుట్టి తాడు కట్టేవి. పిల్ల ఒక్కొక్కటీ తీసి చూస్తోంది. బావ తెల్లకాగితం మీద కార్డులో వేయాల్సిన మాటలు రాసుకుంటున్నాడు. సరిగ్గా అప్పుడే బాబాయ్ షిఫ్టు దిగి వచ్చాడు.

"ఏంది బావా, గివన్నీ ముంగటేసుకొని కూసున్నవ్! కార్డుల దుకాణం పెడ్తున్నవా?"

"ఖమ్మం నుంచి తెచ్చిన. చూసి ఏది మంచిగుందో చెప్పు," అన్నాను.

"అవి తర్వాత. ముందు గిది చూడు." జేబులోంచి ఫోన్ తీసి నా ముక్కు ముందు పెట్టాడు. ప్లాంటులో ఆయనతో పనిచేసే ఒకతని కొడుకు పెళ్ళి వీడియో. కాగితం కాదు, అదే శుభలేఖ. సన్నాయి మోగింది, తెర మీద పువ్వులు రాలాయి, పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఏదో వాగు ఒడ్డున నడుస్తూ వచ్చారు, ముహూర్తం అక్షరాలు ఒక్కొక్కటీ వెలిగాయి.

పిల్ల చేతిలో కార్డు మంచం మీద పడేసి ఆయన భుజం మీదుగా వంగింది. "బాబాయ్, మనది ఇంతకంటె మంచిగ చేస్తవా?"

"నీకు చెయ్యకపోతే ఎవరికి చేస్త బిడ్డా."

ఆ మాటకు పిల్ల నవ్వింది. చిన్నప్పుడు పన్ను ఊడినప్పటి నుంచీ నాకు తెలిసిన నవ్వే, కాకపోతే ఇటు తిరిగి నవ్వలేదు. నేను తెచ్చిన కార్డుల్లో బంగారు అంచుది నేల మీదికి జారింది. ఎవరూ తీయలేదు. నేనే తీసి, దుమ్ము దులిపి, మళ్ళీ వరసలో పెట్టాను.

"మామయ్యా, నువ్వేమంటవ్?" అని ఆ పిల్ల నన్నూ అడిగింది.

నా వైపు చూసిన వాళ్ళందరికీ నా జవాబు ముందే తెలుసు. కార్డు నా లెక్కకు ఆధారం. నేను కాగితమే కావాలంటానని, ఆయన వాదిస్తాడని, చివరికి చెల్లెలు మధ్యలోకి వస్తుందని అందరూ సర్దుకుని కూర్చున్నారు. నేనూ ఆ మాటే అనబోయాను. కానీ అప్పటికే బావ రాస్తున్న తెల్లకాగితం నా కంట పడింది. పైన 'ఆహ్వానించువారు' అని రాసి తన పేరు, చెల్లెలి పేరు రాశాడు. వాళ్ళ కింద తమ్ముడి పేరు, మరదలి పేరు. అవి కూడా పెద్ద అక్షరాలే. ఆ తరువాత చాలా చోటు వదిలాడు. అట్టడుగున 'మేనమామలు' అని రాసి, మా పెదనాన్న కొడుకులు, చిన్నాన్న కొడుకులు, వరసకు మామలయ్యేవాళ్ళందరినీ ఒకే వరసలో కూర్చాడు. ఆ వరసలో కామాకూ కామాకూ మధ్య నా పేరు ఉంది. వాళ్ళలో ఇద్దరు ఆ పిల్లను నడిరోడ్డు మీద చూస్తే గుర్తు కూడా పట్టరు.

అలా అచ్చయిన కార్డు ఊరూరా నా చేతులతో నేనే పంచాలి కదా అనిపించింది.

"కాగితం దండగ," అన్నాను. "కార్డు ఎవరు చూస్తరు? తారీఖు చూస్తరు, భోజనాలు ఎక్కడనో చూస్తరు, కిటికీ సందుల పెడ్తరు. పెళ్ళైనంక పిల్లలు దాన్తోటి విసనకర్ర చేస్కుంటరు. కార్డుల ఖర్చు, తిరిగే పెట్రోలు, తిరిగేటోళ్ళ టిఫిన్లు, అంతా కలిపితే ఒక పూట కూరలైతయ్. ఫోన్లనే పంపుండ్రి."

బాబాయ్ నోరు తెరిచి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. "బావా, జరం గిట్ల వచ్చిందా?"

అందరూ నవ్వారు. బావ తెల్లకాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. నేను గెలిచాననుకున్నాను. ఆ సాయంత్రం బస్సులో, తెచ్చిన నమూనాలన్నీ సంచిలో తిరిగి తీసుకెళ్తూ కూడా గెలిచాననే అనుకున్నాను. వీడియోలో కామాలు ఉండవు కదా, సొంత మేనమామను ఎవరు మరిచిపోతారు, అనుకున్నాను.

వీడియో వచ్చిన రోజు నేను తోటలో గెలలు కోయిస్తున్నాను. ఫోన్ మోగితే చూసి, పనివాళ్ళ మధ్యలోనే నొక్కాను. సన్నాయి మోగింది. తరువాత ఒక ఆడగొంతు, మనిషిది కాదు, మిషన్‌ది, ఒక్కో అక్షరం విడదీసి చదివింది: "లెక్కల బావ గారికి సాదర ఆహ్వానం. మీరు సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి వధూవరులను ఆశీర్వదించగలరు."

గెలలు కోసేవాళ్ళు గడ కర్రలు కిందికి దించి మరీ నవ్వారు. "లెక్కల బావ గారూ, జర గెలల లెక్క చూసుకోండి, ఎక్కువ తక్కువైతది!" అని వారం పాటు అదే పిలుపు.

జరిగిందేమిటంటే, ఎవరి పేరు వాళ్ళకు వినిపించేలా వీడియో చేసే ఏర్పాటు ఒకటి బాబాయ్ పట్టుకున్నాడు. పేర్లు మాత్రం విడిగా రాసుకోలేదు. తన ఫోన్‌లో ఎవరిని ఎలా దాచుకున్నాడో అలాగే వెళ్ళిపోయాయి. పాలు పోసే ఆయనకు "పాలాయన పొద్దున గారికి" అని వెళ్ళింది. మా చిన్నాన్న కోడలికి "కోళ్ళ ఫారం వదిన గారికి" అని వెళ్ళింది. ఒకరికైతే "గ్యాస్ సిలిండర్ గారికి, సకుటుంబ సపరివార సమేతంగా". ఇంకొకరికి "ఎత్తొద్దు గారికి".

నా లెక్క ఒక్కసారి తప్పి, దమ్మపేటలో ఒక పెళ్ళిలో సాంబారు మిగిలితే, ఆ సంగతి ఇప్పటికీ నా ముఖం మీదే చెప్పుకుంటారు. ఈయన ఇంత తప్పు చేస్తే ఒక్కరూ తప్పు పట్టలేదు. ఎవరికి ఏ పేరు వచ్చిందో అడిగి తెలుసుకోవడం చుట్టాలందరికీ పండగైపోయింది. మాటలు లేని రెండు ఇళ్ళ వాళ్ళు కూడా 'నీకేమని వచ్చింది' అని పలకరించుకున్నారు. 'ఎత్తొద్దు గారు' స్వయంగా ఫోన్ చేసి, "ఇయ్యాలన్నా ఎత్తినవ్, సంతోషం," అన్నాడట. తప్పు కూడా ఆయనకు నగలా అతికింది. అది నాకు ఎక్కడో కలుక్కుమంది.

ఆ రోజు మధ్యాహ్నం పంపుసెట్టు గదిలో కూర్చుని వీడియో మళ్ళీ చూశాను. పిల్ల చిన్నప్పటి ఫోటోలు వరసగా వచ్చాయి. అందులో ఒకటి భద్రాచలంలో గోదావరి మెట్ల మీద తీసింది. పిల్ల బాబాయ్ భుజాల మీద కూర్చుని పుల్లయిసు చప్పరిస్తోంది. ఫోటో అంచున ఒక మోచెయ్యి ఉంది. ఎడమ మోచెయ్యి, ముళ్ళకంప గీసిన మచ్చతో. అది నాది. పుల్లయిసు కొన్నది కూడా నేనే. ఆ సంగతి ఫోటోలో పడదు.

చివర్లో 'ఆహ్వానించువారు' అని వచ్చింది. బావ, చెల్లెలు. ఆ తరువాత పువ్వుల మధ్య బాబాయ్, పిన్ని. తరువాత సన్నాయి ఆగిపోయింది. నా పేరు లేదు. కామాల మధ్య కూడా లేదు. మళ్ళీ మొదటి నుంచి వేసి చూశాను, ఎక్కడైనా జల్దీగా వెళ్ళిపోయిందేమోనని.

తెర చివర రెండు గుర్తులు ఉన్నాయి. ఒకటి 'వస్తున్నాం', రెండోది 'రాలేకపోతున్నాం'. ఎవరు ఏది నొక్కితే అది బాబాయ్ ఫోన్‌లో దానంతట అదే కూడుకుంటుందట. అంటే ఇక నన్ను బియ్యం అడగాల్సిన పని లేదు. ఇందులో మాత్రం ఆయన దెబ్బ తింటాడని లోలోపల సంబరపడ్డాను. మన దగ్గర శుభకార్యానికి రామని ఎవరంటారు? మంచం మీద ఉన్నవాడు కూడా వస్తున్నాననే నొక్కుతాడు. నేననుకున్నట్టే ఒక్కరూ రెండో గుర్తు జోలికి పోలేదు. అయినా, ముందుగానే చెప్పేస్తున్నాను, పెళ్ళి రోజు ఆయన అంకె సరిపోయింది. నొక్కి రానివాళ్ళు ఎందరో, ఏమీ నొక్కకుండా వచ్చి కూర్చున్నవాళ్ళూ అందరే. అది లెక్క కాదు, గాలివాటం. ఆ మాట ఎవరికి చెప్పినా నవ్వారు. "అన్నం సరిపోయిందా లేదా? అది చెప్పు," అన్నారు.

ఇవన్నీ ఒక ఎత్తు. నాకు అసలు గుచ్చుకున్నది వేరే. మా దగ్గర ఆడపిల్ల తన బిడ్డ పెళ్ళికి మొట్టమొదట పుట్టింటిని పిలవాలి. కార్డులు రాగానే ఒకటి దేవుడి దగ్గర పెట్టి, ఆ తరువాత ఎవరికీ ఇవ్వకముందే పుట్టింటి గడప తొక్కి, వదినకు బొట్టు పెట్టి, అన్న చేతిలో కార్డు పెట్టాలి. ఆ తరువాతే లోకం. ఇప్పుడు పాలాయనకు వెళ్ళిన ఉదయమే నాకూ వెళ్ళింది. మరి చెల్లెలు రాదా? పిలుపు అయిపోయినట్టేనా? పిలిచేవాళ్ళలోనూ లేక, పిలవాల్సిన ఇంటి లెక్కలోనూ లేక, గ్యాస్ సిలిండర్ పక్కన ఒక ఫోన్ నంబరునై మిగిలానా? నా భార్యతో ఈ మాట అంటే, "అడుగరాదు, మీ చెల్లెనే కదా," అంది. ఎలా అడుగుతాం? అడిగి తెచ్చుకున్న పిలుపు పిలుపవుతుందా?

నాలుగు రోజులకు చెల్లెలే ఫోన్ చేసింది. గొంతులో కంగారు.

"అన్నా, పెద్ద పొరపాటైంది. రాములోరి కాళ్ళ కాడ పెట్టటానికి కార్డు లేదు!"

నిజమే. మా ప్రాంతంలో ఏ ఇంటి శుభలేఖైనా ముందు భద్రాచలం రాముడికే. అందరం ఫోన్‌లో పువ్వులు చూసి ఆ సంగతి మరిచాం. ఎవరికీ తట్టలేదు, పంచాంగం చూసిన అయ్యగారికి కూడా.

"మీ మరిది ఏమన్నడు?" అన్నాను. ఆ ప్రశ్న ముందు అడగకుండా ఉండలేకపోయాను.

"ఫోనే దేవుని ముందు పెడ్దం వదినా అంటుండు. గుళ్ళెకు ఫోన్ రానియ్యరు కదా. నువ్వు రా అన్నా. భద్రాచలంల ఒక్కటి కొట్టిస్తం, అటే పోయి పెట్టొస్తం. మీ బావకు, మా మరిదికి ఇద్దరికీ డ్యూటీ ఉన్నది."

డ్యూటీ ఉంది గనక నన్ను పిలిచిందా, లేకపోయినా నన్నే పిలిచేదా అని పాల్వంచ దాకా బస్సులో ఆలోచించాను. చెల్లెలు బస్టాండులో కుంకుమ భరిణె, పసుపు పొట్లం సంచిలో వేసుకుని సిద్ధంగా ఉంది. ఇద్దరం భద్రాచలం బస్సెక్కాం. అడవి మొదలయ్యాక కిటికీలోంచి గాలి మారింది. ఆమె కునుకుతూ నా భుజం మీదికి వాలింది. అలా కూర్చుని ఎన్నేళ్ళైందో. అయినా నా బుర్ర ఊరుకోలేదు. కార్డు కొట్టించేది ఒక్కటే. పక్కన ఉండేది నేను. బావ లేడు, ఆయన తమ్ముడు లేడు. నా పేరు ఎక్కడ పెట్టాలో నేనే చెప్పవచ్చు. చదివేది ఎలాగూ రాముడొక్కడే. అదైనా చాలనిపించింది.

గుడికి వెళ్ళే దారిలో చిన్న డీటీపీ దుకాణం దొరికింది. కంప్యూటర్ ముందు కూర్చున్న అమ్మాయి మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"ఒక్క కార్డా? ఒక్కటెవరు కొట్టిస్తరమ్మా?"

"రాములోరికి బిడ్డా."

"మిగతా చుట్టాలకు?"

"ఆళ్ళకు ఫోన్ల పోయింది."

"అవ్, దేవునికి ఫోన్ లేదు కదా," అని ఆ అమ్మాయి నవ్వి, కార్డు అట్ట ఒకటి వెతికి తీసింది. చెల్లెలు కుర్చీ దగ్గరికి లాక్కుని మాటలు చెప్పడం మొదలుపెట్టింది. ముహూర్తం, మండపం, వధువు, వరుడు. ఆహ్వానించువారు అనగానే బావ పేరు, తన పేరు. తరువాత మరిది పేరు, తోడికోడలి పేరు. ఆగింది. "అంతే," అంది.

నేను గోడకున్న క్యాలెండర్ చూస్తూ, ఏమీ పట్టనట్టు, "మేనమామ?" అన్నాను.

"ఏందన్నా?"

"ఏం లేదు. మేనమామ పేరు పెడ్తరు కదా కార్డుల్ల. అందరూ పెడ్తరు. చోటు కూడా ఉన్నది, చూడు."

చెల్లెలు నా వైపు తిరిగింది. "గిదా! వీడియో వచ్చిన కాన్నుంచి నువ్వు ముడుసుకపోయినవ్, ఎందుకా అనుకుంటున్న. నీ పేరు ఉండె అన్నా. మా మరిదే పెట్టిండు, మా పేర్ల కిందనే, నీది పైన, తనది కింద. నేనే తీసెయ్యమన్న."

"నువ్వా?"

"నేనే. నీ పేరు పిలిచేటోళ్ళల్ల పెడితే, నేను పిలవబోయే ఇల్లేది? నా పుట్టిల్లు యాడుంటది? బిడ్డ పెండ్లికి పుట్టింటికి పోయి పిలవకపోతే నన్ను ఎవరన్న ఆడిబిడ్డ అంటరా? నువ్వు కూడ మా అత్తగారి దిక్కు నిలబడి పిలుస్తవా ఏంది?"

కంప్యూటర్ అమ్మాయి చేతులు ఆపి వింటోంది. "టైప్ చెయ్యాల్నా వద్దా అంకుల్?" అంది.

"వద్దు," అన్నాను.

ఒకే అంకెను రెండు వైపులా వేస్తే ఏమవుతుందో నాకు తెలియక కాదు. పిలిచేవాళ్ళలోనూ ఉండాలి, మొదటి పిలుపూ అందుకోవాలి అనుకున్నాను. నా చెల్లెలు అందులో ఒకటి తీసేసి రెండోది నిలబెట్టింది. అది సంతోషించాల్సిన సంగతి. సంతోషించాను కూడా. కానీ ఆయన నా పేరు తనకంటే పైన పెట్టాడన్న మాట మాత్రం గొంతు దిగలేదు. ఆయన నన్ను మరిచిపోయాడనుకుని ఇన్నాళ్ళూ గడిపాను, అదే హాయిగా ఉంది. మంచివాడని తేలాక ఏం చేయాలి?

గుళ్ళో అర్చకులు కార్డు తీసుకుని లోపలికి వెళ్ళి, స్వామి పాదాల దగ్గర పెట్టి, కుంకుమ బొట్టుతో, ఒక తులసి దళంతో తిరిగి తెచ్చి ఇచ్చారు. చెల్లెలు దాన్ని కొంగులో చుట్టుకుంది. బయటికి వచ్చాక నేను చెయ్యి చాపాను.

"ఇంక ఇచ్చెయ్ చెల్లె, తీసుకుంట. మొదటి పిలుపు నాదే కదా."

"బాటల పుట్టింటిని పిలుస్తరా ఎవరన్న? నడువ్. దేవుని కాన్నుంచి సీదా ఇంటికే."

సత్తుపల్లి పోయే బస్సెక్కాం. పాల్వంచలో బస్సు ఆగింది. వాళ్ళిల్లు అక్కడికి రెండు వీధులే. ఆమె దిగలేదు, అటు చూడలేదు కూడా. వేళ్ళు మాత్రం కొంగు ముడి మీదే ఉన్నాయి. సత్తుపల్లిలో దిగి ఆటో మాట్లాడుకుని మా ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఇంటి దగ్గర ఆటో దిగగానే నన్ను ముందు పంపింది. "నువ్వు పోయి లోపల కూసో. నేను తర్వాత వస్త."

"ఇద్దరం ఒక్క ఆటోలనే వస్తిమి కదనే."

"అయితే ఏంది? పో అన్నా."

నేను లోపలికి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. నా భార్య వంటింట్లోంచి వచ్చి, "మీరొక్కరే వచ్చిండ్రా?" అంటుండగా గుమ్మంలో చెల్లెలు నిలబడింది. అప్పుడే ఎక్కడి నుంచో వచ్చినట్టు, కొత్త మనిషిలా. కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చి, వదినకు బొట్టు పెట్టి, నా దగ్గరికి వచ్చి రెండు చేతులతో కార్డు పట్టుకుని, "అన్నా, మీ మేనకోడలి పెండ్లి. నువ్వూ వదినా పిల్లలూ ముందుగాల వచ్చి మా ఇంట్ల నిలబడాలె," అంది. నేను కార్డు అందుకున్నాను. తలూపాను.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. మంచినీళ్ళు తాగి, కొంచెం సేపు కూర్చుని చెల్లెలు మళ్ళీ చెయ్యి చాపింది.

"ఇటియ్యి అన్నా."

"ఏంది?"

"కార్డు. పెద్దోళ్ళందరూ ఫోన్‌ల పిలుపు పిలుపే కాదంటున్నరు. రేపు నాలుగిండ్లల్ల బొట్టు పెట్టి పిలవాలె. ఒట్టి చేతుల్తోటి ఎట్ల పోత? చేతుల పెట్టి, పిలిచి, మళ్ళ తీసుకుంట."

నేను కార్డు వదల్లేదు. నా భార్య పక్కకు వచ్చి దాన్ని చదివింది. "మీ పేరన్నా లేదు దాని మీద. గంత గట్టిగ పట్టుకున్నరేంది?" అంది. ఇద్దరు ఆడవాళ్ళూ నవ్వారు. ఇచ్చేశాను.

మరుసటి రోజు చెల్లెల్ని నా బండి మీద కూర్చోబెట్టుకుని తిప్పాను. ఒక్కో ఇంట్లో బొట్టు పెట్టడం, కార్డు చేతిలో పెట్టడం, వాళ్ళు కళ్ళకద్దుకోవడం, మళ్ళీ తీసుకోవడం. ప్రతి ఇంట్లోనూ వీడియో సంగతే. "మీ మరిది చేసిండటగా, ఎంత మంచిగుందో!" నేను గుమ్మం బయట బండి తుడుస్తూ విన్నాను. తుడవడానికి దాని మీద ఇంక దుమ్ము లేదు.

చివరికి దమ్మపేట చేరాం. అక్కడ మా మేనత్త ఉంది, నాన్నకు అక్క. చూపు ఆనదు, చెవులు మాత్రం పాము చెవులు. చెల్లెలు బొట్టు పెట్టి కార్డు చేతిలో పెట్టింది. అత్త దాన్ని తడిమి చూసింది, కుంకుమ వాసన చూసింది, చదివించుకుని వింది. తరువాత తలగడ ఎత్తి కింద పెట్టుకుని దాని మీద ఒరిగింది.

చెల్లెలు మెల్లగా, "అత్తా, కార్డు..." అంది.

"ఏం కార్డు?"

"ఒక్కటే ఉన్నదత్తా. ఇంకా పిలవాల్సిన ఇండ్లున్నయ్."

"పిలిచి కాయితం గుంజుకపోతరానే? మీ అయ్య బతికుంటే గిట్ల చేస్తుండెనా?"

నాకు ఆగలేదు. లోపలికి వచ్చేశాను. "అత్తా, అది మా ఇంటిది. మొదలు నాకిచ్చిన కార్డు అది."

అత్త గొంతు వచ్చిన వైపు ముఖం తిప్పింది. "మీ ఇంటిదైతే మీ ఇంట్ల ఎందుకు లేదురా?"

నేనూ నిన్న ఇవ్వనని ఉంటే సరిపోయేది. ఆమెకున్న మొండితనం నాకు లేకపోయింది. చెల్లెలు నవ్వాపుకుంటూ, "పోనియ్ అన్నా, పెద్దది," అని నా చెయ్యి పట్టుకుని బయటికి తెచ్చింది.

తరువాతి ఇంట్లో చెల్లెలు బొట్టు పెడుతుంటే నేను పక్కనే నిలబడ్డాను. ఆ ఇంటాయన, "కార్డేది?" అని అడిగాడు.

"మా అత్త కాడున్నది," అన్నాను.

అది చెప్పేటప్పుడు కూడా నాకు కుళ్ళుగానే ఉంది.